ముట్టునొప్పి: ఓర్పునకు మేర యేది?



ఈ శీర్షికకు జాబులు వ్రాయువారిలో ఊరగాయలను గూర్చియు, బిడ్డల పెంపకమును గూర్చియు అడుగువారు తమ పేరును ఊరును నిస్సంకోచముగా వ్రాయుదురు. ముట్టునొప్పిని గూర్చి అడుగువారు మాత్రము పేరు వ్రాయరు. వ్రాసినను "దయచేసి ప్రకటింపవలదు" అని దాని క్రింద రెండు గీతలు గీయుదురు. ఈ నెల వచ్చిన యొక జాబు అట్టిదే. వ్రాసినది యొక తల్లి. ఆమె కూతురునకు పదునాఱేండ్లు. ముట్టు వచ్చిన దినమున ఆ పిల్ల పొత్తికడుపు పట్టుకొని ముడుచుకొని పండుకొనునట; తిన్నదెల్ల వాంతి యగునట; ప్రతి నెల రెండు దినములు కళాశాలకు పోజాలదట. ఇంటి పెద్దలేమో "మేమందఱము పడలేదా? పెండ్లి యైనచో అదియే పోవును" అనుచున్నారట. తల్లి అడిగినది యొక్కటే ప్రశ్న: "ఇది ఓర్చుకొనవలసినదా, వైద్యులకు చూపవలసినదా?"

ఈ ప్రశ్న ఆ యొక్క యింటిది కాదు. ఆడపిల్ల గల ప్రతి యింట ఎప్పుడో యొకప్పుడు పుట్టునదే. స్త్రీకి ఓర్పు భూషణమని మనము చిన్ననాటినుండి వినుచున్నాము. ఓర్పు మంచిదే, కాని దానికి ఎఱుక తోడు కావలెను. దేనిని ఓర్చుచున్నామో తెలియక ఓర్చుట గుణమనిపించుకొనదు. నేను వైద్యురాలను గాను. ప్రాచీన గ్రంథములలో చెప్పిన దానిని, నేటి వైద్యులు ఒప్పుకొనిన దానిని చదివి, గృహిణికి వలసినంత మట్టుకు ఇచ్చట విన్నవించుచున్నాను.

పెద్దల మాటగా చెప్పబడు నొక యభిప్రాయమును మొదట పరిశీలింతము. "నొప్పి స్త్రీజన్మకు సహజము, మన పూర్వులును అట్లే తలచిరి" అని కొందఱందురు. పూర్వులు అట్లు తలపలేదు. చరకసంహిత చికిత్సాస్థానమున ముప్పదవ అధ్యాయము యోనివ్యాపత్తుల చికిత్సను చెప్పుచున్నది. స్త్రీలకు కలుగు ఇరువది విధములగు వ్యాధులు అందు వర్ణింపబడినవి. వానిలో "ఉదావర్తిని" యనునది యొకటి. రజస్సు మిక్కిలి బాధతో వెడలుట, అది వెడలినంతనే స్త్రీకి సుఖము కలుగుట దాని లక్షణములు. మనము ముట్టునొప్పి యనుచున్నది ఇదియే కదా! ఆ అధ్యాయముననే శుద్ధమగు ఆర్తవము ఎట్లుండవలెనో కూడ చెప్పబడినది: నెలకొకసారి రావలెను, అయిదు రాత్రులుండవలెను, మిక్కిలి హెచ్చుగాని మిక్కిలి తక్కువగాని కారాదు, మంటయు నొప్పియు ఉండరాదు. అనగా వేల యేండ్ల నాటి వైద్యుడు నొప్పిని తలవ్రాతలో చేర్చలేదు. చికిత్స చేయదగిన వ్యాధులలో చేర్చినాడు.

భాగవత షష్ఠస్కంధమున నొక కథ కలదు. విశ్వరూపుని వధించిన యింద్రునికి బ్రహ్మహత్యాదోషము చుట్టుకొనగా, దానిని భూమియు, జలమును, వృక్షములును, స్త్రీలును నాలుగు పాళ్లుగా పంచుకొనిరట. స్త్రీల పాలికి వచ్చినది నెలనెల రజస్సుగా కనబడునట. ఈ కథను చూపి "ఇది మన వంతు, పడవలసినదే" అను వృద్ధురాండ్రను నేనెఱుగుదును. కథను కథగా గౌరవింతము. కాని అందులో స్త్రీల పాలికి వచ్చినది రజస్సు, నొప్పి కాదు. మందు పుచ్చుకొనరాదన్న మాటయు అందు లేదు.

ఇక నొప్పి యెట్లు కలుగునో చూతము. గర్భాశయము పిడికిలి యంత పరిమాణము గల కండరపు సంచి. బిడ్డను నిలుపుకొనుటకై ప్రతి నెలయు దాని లోపలి పొర మందమగును. గర్భము నిలువనపుడు ఆ పొర కరగి రక్తముతో వెలికి వచ్చును. ఆ సమయమున ఆ పొరనుండి ప్రోస్టాగ్లాండిన్లు అను పదార్థములు పుట్టును. వాని ప్రేరణచే గర్భాశయపు కండరము ముడుచుకొని, లోనిదానిని వెలికి నెట్టును. ముడుచుకొన్నపుడెల్ల దానిలోని రక్తనాళములు నొక్కుకొనిపోవును. కండరమునకు రక్తము చాలదు. అందువలన నొప్పి పుట్టును. ఈ పదార్థములు ఎక్కువగా పుట్టిన వారికి నొప్పి యెక్కువ. ఇవి పేగులపై పనిచేయుటచే కొందఱికి విరేచనములగును. వాంతియు, తలనొప్పియు, ఒడలు చెమర్చుటయు కూడ కలుగును.

ఇది యెవరి యూహయు కాదు. 1957లో పికిల్స్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు, ముట్టురక్తమున కండరమును ముడుచుకొనజేయు పదార్థము కలదని ప్రకటించెను. అవి ప్రోస్టాగ్లాండిన్లని పిమ్మట తేలెను. ఆస్పిరిన్ వంటి మందులు వాని పుట్టుకనే అడ్డుకొనునని జాన్ వేన్ అను శాస్త్రజ్ఞుడు 1971లో నిరూపించెను. ప్రోస్టాగ్లాండిన్లపై చేసిన కృషికి 1982లో ఆయనకును, స్వీడను దేశపు శాస్త్రజ్ఞులిద్దఱికిని నోబెల్ బహుమానము లభించెను. కాబట్టి "ఈ పిల్ల పనికి జడిసి నటించుచున్నది" అను మాట మన నోట రాకముందు ఈ సంగతి ఒకసారి తలచుకొనవలయును. ఆమె గర్భాశయము నిజముగానే ముడుచుకొనుచున్నది, నిజముగానే నొచ్చుచున్నది.

వైద్యులు ముట్టునొప్పిని రెండు తెగలుగా విభజింతురు. వీని భేదము తెలిసినచో సగము పని యైనట్లే.

మొదటి తెగ నొప్పికి లోపల వేఱు వ్యాధి యేదియు ఉండదు. పైన చెప్పిన ముడుతలే కారణము. ఇది సాధారణముగా పిల్ల పెద్దమనిషి యైన నాటినుండి ఆఱు నెలలు మొదలు రెండేండ్లలోపల మొదలగును. మొదటి కొన్ని ముట్టులు నొప్పి లేక వచ్చి, పిమ్మట నొప్పి తోచుటకు కారణము, అప్పటికిగాని అండము నెలనెల క్రమముగా విడుదల కాకపోవుటయే. నొప్పి రక్తము కనబడుటకు కొన్ని గంటలకు ముందుగాని, దానితోపాటుగాని వచ్చును. మొదటి దినమున తీవ్రముగా ఉండి, రెండు మూడు దినములలో శమించును. పొత్తికడుపు నడుమ మొదలై నడుమునకును తొడలకును ప్రాకును. నెలనెల ఇంచుమించు ఒకే తీరున ఉండును; తక్కిన దినములలో పిల్ల హాయిగా ఉండును.

రెండవ తెగ నొప్పికి వేఱొక వ్యాధి మూలము. వానిలో ముఖ్యమైనది ఎండోమెట్రియోసిస్. గర్భాశయపు లోపలి పొరను పోలిన పొర, గర్భాశయమునకు వెలుపల అండాశయములపైనను, పేగులపైనను, కటిప్రదేశపు గోడలపైనను పెరుగుట దీని స్వభావము. అదియును నెలనెల వాచి, రక్తము కార్చి, చుట్టుపట్ల అవయవములను ఒకదానికొకటి అంటుకొనునట్లు చేయును. సంతానవయస్సులో ఉన్న స్త్రీలలోను బాలికలలోను నూటికి సుమారు 10 మందికి, అనగా ప్రపంచమున 19 కోట్లమందికి, ఇది కలదని ప్రపంచారోగ్య సంస్థ చెప్పుచున్నది. మొదటి బాధకును, వ్యాధి ఇదియని తేలుటకును నడుమ చాలమందికి అనేక సంవత్సరములు గడచిపోవుచున్నవి. ఆ యేండ్లన్నియు "ఓర్చుకో" అన్న మాటతోనే గడచును. సంతానము కలుగక వైద్యుల యొద్దకు పోయినపుడు గాని ఈ వ్యాధి బయటపడని వారును పెక్కుమంది కలరు.

తక్కిన కారణములును కొన్ని కలవు. గర్భాశయపు కండరములో గడ్డలు, అనగా ఫైబ్రాయిడ్లు, పెరుగవచ్చును. లోపలి పొర కండరములోనికి చొచ్చుకొనిపోయి గర్భాశయమంతయు ఉబ్బవచ్చును. దీనిని అడినోమయోసిస్ అందురు. ముప్పది యేండ్లు దాటిన వారిలో తఱచు. గర్భాశయమునకును నాళములకును క్రిములు సోకి వాపు కలుగవచ్చును. దీనికి జ్వరము, దుర్వాసన గల తెల్లబట్ట తోడగును. కాపర్-టి వేయించుకొనిన వారిలో కొందఱికి నొప్పియు స్రావమును హెచ్చును. పుట్టుకతోనే మార్గము మూసికొనియుండుటయు అరుదుగా కలదు. పదునైదేండ్లు వచ్చినను పిల్ల పెద్దమనిషి కాక, నెలనెల అదే సమయమున కడుపునొప్పి యనుచున్నచో, లోపల రక్తము నిలిచిపోవుచున్నదేమో యని వెంటనే చూపింపవలయును.

ఏ గుర్తులు కనబడినపుడు వైద్యుల యొద్దకు పోవలయునో ఇచ్చట వరుసగా వ్రాయుచున్నాను. వీనిని కత్తిరించి వంటింటి క్యాలెండరు ప్రక్కన అంటించుకొన్నను తప్పులేదు.

1. నొప్పిచే బడికి, కళాశాలకు, పనికి పోజాలకుండుట. ఇంటిలో లేచి తిరుగజాలకుండుట.
2. మాత్రలను సరియైన రీతిని మూడు నెలలు వాడినను గుణము కనబడకుండుట.
3. నెలనెలకు నొప్పి హెచ్చుచుండుట. ఇరువదియైదేండ్లు దాటిన పిమ్మట క్రొత్తగా మొదలగుట.
4. ముట్టు లేని దినములలోను పొత్తికడుపు నొచ్చుట.
5. ముట్టు దినములలో మలవిసర్జనమునకుగాని మూత్రవిసర్జనమునకుగాని పోవునపుడు నొప్పి కలుగుట. దాంపత్య సమయమున లోతుగా నొచ్చుట.
6. స్రావము ఏడు దినములకు మించుట. పెద్ద గడ్డలు పడుట. నడుమ నడుమ రక్తము కనబడుట.
7. ఏడాది దాటినను సంతానము నిలువకుండుట. తల్లికిగాని అక్కచెల్లెండ్రకుగాని ఎండోమెట్రియోసిస్ ఉండుట.

ఇవి తీరిక చూచుకొని పోదగినవి. కొన్ని గుర్తులు కనబడినచో తెల్లవారువఱకును ఆగరాదు. ముట్టు తప్పిన పిమ్మట ఒకప్రక్క తీవ్రమగు నొప్పియు, కండ్లు తిరుగుటయు కలిగినచో గర్భము నాళములో నిలిచినదేమో; అది ప్రాణాపాయము. హఠాత్తుగా ఒకప్రక్క పొడిచినట్లు నొప్పి వచ్చి వాంతులైనచో అండాశయము మెలిపడినదేమో. నొప్పితో జ్వరము వచ్చినను, గంటకొక ప్యాడు చొప్పున రెండు గంటలకు మించి తడిసిపోవుచున్నను, స్పృహ తప్పినను వెంటనే ఆస్పత్రికి చేర్పవలయును. ఈ సమయములలో కషాయములు కాచుచు కూర్చుండరాదు.

ఇంటిలో చేయదగిన ఉపచారములును కలవు. మొదటి తెగ నొప్పికి ఇవి చాలవఱకు సరిపోవును.

అన్నింటికంటె సులభమైనది కాపడము. రబ్బరు సంచిలో వేడినీరు పోసి, తువాలు చుట్టి, పొత్తికడుపుపై పెట్టుకొనవలయును. చర్మము కమలునంత వేడి కూడదు. 2001లో అమెరికాలో ప్రకటింపబడిన యొక పరీక్షలో, పొత్తికడుపుపై 39 డిగ్రీల వెచ్చదనమును విడువక నిలిపినచో ఐబ్యుప్రొఫెన్ మాత్రతో సమానముగ ఉపశమనము కలిగినట్లు తేలినది. మన అమ్మమ్మలు ఇటుక వేడిచేసి గుడ్డ చుట్టి యిచ్చినది వృథా కాదన్నమాట. ముట్టు దినములలో పిల్లను మూల కూర్చుండబెట్టి, చల్లని నేలపై చాప యొకటి పఱచి యిచ్చు ఆచారము కొన్ని యిండ్ల నేటికిని కలదు. ఆచారమును గూర్చి నేనిచ్చట వాదింపబోను. ఆ పిల్లకు వెచ్చని పడకయు, వేడినీటి స్నానమును, వేళకు భోజనమును తప్పక సమకూర్పుడని మాత్రము వేడుచున్నాను.

రెండవది కదలిక. నెలపొడుగునను నడక, యోగాసనములు, ఆటలు అలవాటున్న వారికి నొప్పి తగ్గుచున్నదని పరీక్షలలో తేలినది. శొంఠి కషాయము కొందఱికి కొంత మేలు చేయునని చిన్న పరీక్షలు చెప్పుచున్నవి. త్రాగినచో త్రాగవచ్చును గాని, తీవ్రమగు నొప్పికి దానినే నమ్మి యుండరాదు.

మూడవది మాత్రలు. ఐబ్యుప్రొఫెన్, మెఫెనమిక్ ఆమ్లము, నాప్రోక్సెన్ వంటివి ప్రోస్టాగ్లాండిన్ల పుట్టుకను తగ్గించును. అనగా నొప్పిని మఱపించుట మాత్రమే కాక, దాని మూలముననే కొట్టును. కావుననే వానిని పుచ్చుకొను వేళ ముఖ్యము. భరింపజాలనంత నొప్పి వచ్చువఱకు ఆగి, అప్పుడు మ్రింగినచో గుణము తక్కువ. అప్పటికే ఆ పదార్థములు పుట్టి పనిచేయుచుండును. నొప్పి మొదలగుచుండగనే, లేక స్రావము కనబడగనే, ఏదైన తిని మాత్ర పుచ్చుకొని, మొదటి ఒకటి రెండు దినములు వైద్యులు చెప్పిన వ్యవధి చొప్పున కొనసాగింపవలయును. "మాత్రలకు అలవాటు పడిన పిల్లకు బిడ్డలు కలుగరు" అను భయము పెక్కిండ్ల కలదు. నెలకు రెండు మూడు దినములు పుచ్చుకొను ఈ మాత్రల వలన గొడ్రాలితనము రాదు. చికిత్స లేక పెరిగిన ఎండోమెట్రియోసిస్ వలన సంతానమునకు అడ్డంకి కలుగవచ్చును. భయపడవలసినది దానికి.

అట్లని మందుల అంగడిలో అడిగి తెచ్చుకొని యిష్టము వచ్చినట్లు మ్రింగరాదు. కడుపులో పుండున్నవారు, మూత్రపిండముల వ్యాధి కలవారు, ఆస్పిరిన్‌తో ఉబ్బసము హెచ్చువారు, గర్భవతులు వీనిని వైద్యుల నడుగక ముట్టరాదు. మన ప్రాంతమున ముట్టునొప్పి యనగనే అంగడివారు ఇచ్చు మాత్రలలో మెఫెనమిక్ ఆమ్లమే తఱచు. దాని వలన అరుదుగా, వాడుక మొదలుపెట్టిన కొన్ని వారములకు, ఒడలెల్ల దద్దుర్లు, జ్వరము, బిళ్లలు కట్టుట, లోని అవయవములకు హాని కలుగవచ్చునని 2023 నవంబరులో భారతీయ ఫార్మకోపియా కమిషను హెచ్చరించినది. అరుదైనదే, ఐనను దద్దురుగాని జ్వరముగాని కనబడినచో మాత్ర మాని వైద్యులకు చూపుడు. రెండు రకముల నొప్పిమాత్రలను ఒకే దినమున కలిపి మ్రింగుట ఎన్నడును వలదు.

మాత్రలు చాలనిచో వైద్యులు కొందఱికి హార్మోను మాత్రలు వ్రాయుదురు. అవి గర్భనిరోధమునకును వాడబడునవే యగుటచే, పెండ్లికాని పిల్లకు ఇవి యేమిటని తల్లులు ఉలికిపడుదురు. ఒకే మందు పెక్కు పనులకు వచ్చుట వైద్యమున వింత కాదు. ఇవి గర్భాశయపు లోపలి పొరను పలుచన చేయును. పొర పలుచనైనచో ప్రోస్టాగ్లాండిన్లు తగ్గును. నొప్పియు స్రావమును తగ్గును. వాడుక మానిన పిమ్మట సంతానమునకు వీనివలన అడ్డంకి యుండదు. ఐతే రక్తపుపోటు కలవారికి, రక్తము గడ్డకట్టు వ్యాధి కలవారికి, కండ్లయెదుట మెఱుపులు తోచి పార్శ్వపునొప్పి వచ్చువారికి వీనిలో కొన్ని తగవు. ఆ సంగతులను దాచక చెప్పవలయును.

పెండ్లికాని పిల్లను స్త్రీవైద్యురాలి యొద్దకు తీసికొనిపోవుటకు తల్లులు జంకుటకు మఱియొక కారణము కలదు: లోపలి పరీక్ష చేయుదురేమో యని. మొదటి తెగ నొప్పి లక్షణములు స్పష్టముగా ఉన్న పిల్లకు లోపలి పరీక్ష అక్కఱలేదు. చెప్పిన సంగతులను విని చికిత్స మొదలుపెట్టుదురు. చూడవలసివచ్చినను, మూత్రాశయము నిండుగా నీరు త్రాగించి పొట్టపైనుండి అల్ట్రాసౌండు తీయవచ్చును. ఏ పరీక్షనైనను వద్దనుటకును, తల్లి ప్రక్కన ఉండవలెనని కోరుటకును పిల్లకు హక్కు కలదు. ఇంకొక మాట: స్కానులో ఏమియు కనబడనంత మాత్రమున ఎండోమెట్రియోసిస్ లేదని చెప్పజాలరు, చిన్న మచ్చలు స్కానుకు అందవు. "స్కాను బాగుగనే ఉన్నది, ఇక యేడువకుము" అని పిల్లను మందలింపరాదు.

"పెండ్లియైనచో పోవును" అన్న మాటను గూర్చియు చెప్పవలసియున్నది. మొదటి తెగ నొప్పి వయస్సు గడచినకొలదియు, కాన్పు తరువాతను కొందఱికి తగ్గుట నిజమే. కాని పెండ్లి మందు కాదు. నొప్పి పోవుటకై పిల్లకు తొందరపడి పెండ్లి చేయుట, జ్వరము తగ్గుటకు ఇల్లు మార్చినట్లుండును. దాంపత్యమున నొప్పి కలిగించు వ్యాధి లోన ఉన్నచో, ఆ పెండ్లి పిల్లకు క్రొత్త బాధ యగును. అత్తింట దానిని చెప్పుకొనుటకును ఆమెకు నోరురాదు.

మావారు ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులు. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల హాజరుపట్టీలు చూచినచో కొందఱు బాలికల పేర్లకెదురుగ నెలనెల ఒకటి రెండు దినములు వరుసగా గైరుహాజరు కనబడునని వారు చెప్పుదురు. సెలవు చీటీలో మాత్రము "జ్వరము" అని యుండును. నెలకు రెండు దినములన్నచో పది నెలల బడిలో ఇరువది దినములు. ఆ యిరువది దినముల పాఠములు పోవుట యొకయెత్తు. జ్వరమని కల్లలాడక తప్పదని పిల్ల నేర్చుకొనుట మఱియొకయెత్తు. చీటీలో "కడుపునొప్పి" అని తిన్నగా వ్రాయుటతోనే ఈ సిగ్గు కొంత తెగును. కొడుకులకును ఈ సంగతి తెలియజెప్పుడు. రేపు వారును భర్తలగుదురు, తండ్రులగుదురు.

ఇక నా మనస్సును మిక్కిలి కలచు సంగతి. మన తెలుగుదేశమున నొప్పిని ఓర్చుకొను స్త్రీలు ఎంతమందియో, ఓర్చి యోర్చి విసిగి గర్భసంచి తీయించుకొను వారును అంతమందియే అనిపించును. 2015-16 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, 15 మొదలు 49 ఏండ్ల లోపు స్త్రీలలో గర్భసంచి తీయించుకొనిన వారు దేశమంతటను నూటికి 3 మంది కాగా, ఆంధ్రప్రదేశమున దాదాపు 9 మంది, తెలంగాణమున దాదాపు 8 మంది. అక్కఱలేని ఈ శస్త్రచికిత్సలను అరికట్టుటకై కేంద్ర ఆరోగ్య మంత్రిత్వశాఖ 2022లో మార్గదర్శక సూత్రములను ప్రకటించెను. వానిని అమలుపఱుపవలసినదని సుప్రీంకోర్టు 2023 ఏప్రిలులో రాష్ట్రములను ఆజ్ఞాపించెను.

గర్భసంచి తీయుట కొన్ని వ్యాధులకు తప్పనిసరియే. క్యాన్సరు, ఏ మందునకును లొంగని స్రావము వంటివానికి అది ప్రాణరక్షకము. కాని "బిడ్డలు కలిగిరి గదా, ఇక దానితో పనియేమి, తీసివేసిన పీడ వదలును" అను మాట సత్యము కాదు. దానితో అండాశయములను కూడ చిన్న వయస్సున తీసివేసినచో ఎముకలు పెళుసుబాఱును. గుండెజబ్బు భయము హెచ్చును. ఎండోమెట్రియోసిస్ ఉన్నవారికి గర్భసంచి తీసినను నొప్పి మిగులుటయు కలదు. పొలము పనికి పోవలసిన స్త్రీ, కూలి పోవునని నెలనెల నొప్పి మ్రింగి, తుదకొకనాడు అప్పుచేసి ఆస్పత్రిలో చేరుట మన పల్లెలలో చూచుచున్నదే. పదునాఱవయేట వచ్చిన నొప్పిని అప్పుడే చూపించియున్నచో, ముప్పదియైదవయేట ఆమె ఆ బల్లపై పండుకొనవలసి యుండెడిది కాదేమో! మొదట మితిమీరిన ఓర్పు, తుదకు మితిమీరిన తొందర; రెండింటికిని మూలము ఒక్కటే: నడుమ నెవ్వరును "ఈ నొప్పి యెందుకు వచ్చుచున్నది?" అని అడుగకపోవుట.

కాబట్టి శస్త్రచికిత్స యనిన వైద్యుని నాలుగు ప్రశ్నలడుగుడు: నాకు వ్యాధి యేది? మందులతో కుదురదా? గర్భాశయము నుంచి గడ్డను మాత్రమే తీయుట గాని, హార్మోను లూపు వేయుట గాని పనికిరాదా? అండాశయములను ఉంచుదురా? సమాధానము తృప్తి కలిగింపనిచో వేఱొక వైద్యునికి, వీలైనచో ప్రభుత్వాస్పత్రిలోని స్త్రీవైద్యురాలికి, చూపుడు. రెండవ యభిప్రాయమడుగుట మొదటి వైద్యుని అవమానించుట కాదు. డబ్బులేని వారికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రము మొదటి మెట్టు. ఆశా కార్యకర్త నడిగినచో దారి చూపును.

వైద్యుల యొద్దకు పోవుటకు ముందు చేయవలసిన పని యొకటి కలదు. దానికి పైసా ఖర్చు లేదు. పాలలెక్క వ్రాసికొను క్యాలెండరుమీదనే, ముట్టు వచ్చిన తేది, ఆగిన తేది గుర్తుపెట్టుడు. నొప్పి వచ్చిన దినమున దానికి సున్న మొదలు పదివఱకు ఎన్ని మార్కులో వేయుడు. ఎక్కడ నొచ్చినది, ఎన్ని ప్యాడులు మార్చితిరి, ఏ మాత్ర యెన్ని గంటలకు పుచ్చుకొంటిరి, దానితో తగ్గినదా, ఏ పని మానుకొనవలసి వచ్చినది, ఇవియు రెండు మాటలలో వ్రాయుడు. మూడు నెలలు ఇట్లు వ్రాసినచో అది వైద్యురాలికి పెద్ద సాక్ష్యము. "చాల నొప్పియండీ" అని తలవంచుకొని చెప్పిన మాటకంటె, "నెలకు మూడు దినములు, పదికి ఎనిమిది, మాత్రకు తగ్గలేదు, రెండు దినములు కళాశాల మానినది" అన్న మాటకు బలమెక్కువ. ఇంటి పెద్దలకును ఆ కాగితమే చూపవచ్చును. వ్రాసియున్న దానిని నటన యనుట కష్టము.

నొప్పి కొద్దిగా ఉండి, కాపడముతోనో మాత్రతోనో తగ్గి, పిల్ల తన పని తాను చేసికొనగలిగినచో, అది ఇంటిలో చూచుకొనదగినది. పిల్ల జీవితమును నెలనెల ఆపివేయు నొప్పి ఓర్వదగినది కాదు, అడుగదగినది. ఓర్పునకు మేర అచ్చటనే. ఈ మాటను కూతురునకు తల్లి చెప్పిన మంచిది. కోడలికి అత్తగారు చెప్పిన మఱింత మంచిది.

ఈ నెల ముట్టు తేదినే మొదటి గుర్తుగా పెట్టుకొని లెక్క ప్రారంభింపుడు. సర్వే జనాః సుఖినో భవన్తు.